ఉన్నా... ఉన్నా...

4వ తేదీ, సోమవారం

బండి స్టార్టయింది. కానీ నిలబడటం లేదు.

మీట నొక్కితే దగ్గుతూ దగ్గుతూ అందుకుంటుంది. ఎక్సలేటర్ పట్టుకున్నంతసేపూ బుద్ధిగా మోగుతుంది. వదిలానా, అంతే, ఠపీమని ఆగిపోతుంది. పక్కన తల్లి కూర్చుంటేనే నిద్రపోతానని పేచీ పెట్టే చంటిపిల్ల సంగతే దీనిదీ.

ఏడాది కావస్తోంది షెడ్డులో పడి. మా ఆయన పోయిన రోజు కానిస్టేబులు తోసుకొచ్చి పెట్టాడు. ఆ తర్వాత దుప్పటి కప్పింది నేనే, ఇవాళ తీసిందీ నేనే. దుప్పటి కింద బండి ఏమీ మారలేదు. అదే నాకు నచ్చలేదు.

ల్యాబ్‌లో మేనేజరమ్మ పిలిచి చెప్పింది. లోపల కూర్చుని రక్తం తీసేవాళ్ళని తగ్గిస్తున్నారట. ఇళ్ళకి వెళ్ళి తీసే పని మాత్రం ఉందట, వచ్చే ఒకటో తేదీ నుంచి.

"బండి ఉండాలి. నీకు నడపడం వచ్చా?"

"వచ్చు" అన్నాను.

అబద్ధం కాదు. పెళ్ళయిన కొత్తలో ఖాళీ మైదానంలో ఆయనే నేర్పారు. "నువ్వు బ్రేకు కన్నా నోరు ఎక్కువ వాడుతున్నావు" అనేవారు.

ఇంటికొచ్చి మామయ్యకి చెప్పాను. ఆయన కొడుకు బండే కదా, చెప్పకుండా ముట్టుకోవడం బాగుండదు. అంతా విని "ఆ బండా?" అన్నారు. ఇంకేమైనా అంటారని చూశాను. గ్లాసు పక్కన పెట్టి, వెళ్ళి గోడవైపు తిరిగి పడుకున్నారు. టీ సగం తాగి వదిలేశారు. చెయ్యి వణుకుతుంది కాబట్టి మిగతా సగం ఎలాగూ బల్ల మీద ఒలికిపోయింది.

5వ తేదీ, మంగళవారం

సందు చివర మెకానిక్ చూడ్డానికి కూడా రాలేదు. "సార్ బండి నేను ముట్టుకోను మేడమ్. ఆయన ఉన్నప్పుడే ఎవర్నీ ముట్టుకోనిచ్చేవారు కాదు" అన్నాడు. పైగా అమ్మేయమని సలహా ఇచ్చాడు.

ఆయన ఉన్నప్పుడు ముట్టుకోనివ్వలేదు సరే. ఇప్పుడు ఎవరడ్డం?

ఎవరో అడ్డం ఉన్నట్టే మాట్లాడాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. నేనే చేసుకుంటాను.

7వ తేదీ, గురువారం

సెలవు పెట్టి కార్బొరేటర్ విప్పాను.

పెళ్ళయినప్పటి నుంచి ఈ షెడ్డులో నా ఉద్యోగం టార్చి పట్టుకోవడం. "ఇటు కొట్టు. అటు కాదు, ఇటు. నా మొహం మీద కాదే బాబూ." పట్టుకుని పట్టుకుని ఏ స్క్రూ ఎక్కడిదో నాకే తెలియకుండా బుర్రకెక్కేసింది. కాకపోతే ఇవాళ టార్చి పట్టుకోవడానికి మనిషి లేక నోట్లో కరిచిపట్టుకున్నాను. చొంగ కారింది. చూస్తే ఆయన నవ్వి నవ్వి చచ్చేవారు.

నాలుక కరుచుకున్నాను.

ట్యాంకులో పాత పెట్రోలు వార్నిష్ వాసన కొడుతోంది. అంతా పారబోశాను. అది ఆయన పోయించిన పెట్రోలు. ఆ మాట పారబోశాక తట్టింది.

ఎక్సలేటర్ వదిలేశాక ఇంజన్‌కి గుక్కెడు పెట్రోలు అందించేది స్లో జెట్ అనే చిన్న ఇత్తడి ముక్క. దాని బెజ్జం వెంట్రుకంత ఉంటుంది. జిగురు పట్టి మూసుకుపోయింది. సన్నటి రాగి తీగతో పొడిచి, నోటితో ఊది, వెలుతురుకి ఎత్తి చూస్తే చుక్కంత వెలుగు కనిపించింది. అబ్బ, ఎంత సంతోషమేసిందో. ఆయన పోయాక ఇలా సంతోషించడం ఇదే మొదలేమో. కొంచెం సిగ్గు కూడా వేసింది.

మామయ్యని రమ్మని రెండు కేకలు వేశాను. రాలేదు. ఆ రోజు నుంచి ఆయన షెడ్డు వైపు చూడరు. పెరట్లో బట్టలు తియ్యాలన్నా చుట్టూ తిరిగి వెళ్తారు.

10వ తేదీ, ఆదివారం

నిలబడింది!

చెయ్యి తీసేశాను. నిలబడింది. నాలుగడుగులు వెనక్కి వేశాను. నిలబడింది. వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చాను. ఇంకా నిలబడే ఉంది.

మొదట కావాలనే ఆయన పెట్టుకునే వేగంలో పెట్టాను. ఐడ్లింగ్ స్క్రూ అని ఉంటుంది, ఎక్సలేటర్ వదిలేశాక ఇంజన్ ఎంత నెమ్మదిగా తిరగాలో అది చెబుతుంది. చేత్తోనే తిప్పొచ్చు. ఎంత తిప్పాలన్నది మాత్రం ఈ ఇంట్లో చెవికి వదిలేస్తారు. మామయ్య పిండిమరలో పెద్ద ఇంజన్ దగ్గర పనిచేసిన మనిషి. కొడుక్కి ఆయన నేర్పిన పాఠం ఇది: "నెమ్మదిగా తిరిగేటప్పుడు ఇంజన్ 'ఉన్నా, ఉన్నా' అనాలిరా. తొందరపెడితే 'ఉన్నానున్నానున్నాను' అని వాగుతుంది. మరీ తగ్గిస్తే 'ఉన్నానా? ఉన్నానా?' అని అడుగుతుంది. అడిగిందంటే ఇక ఆగిపోతుందన్నమాట."

పెళ్ళయి వచ్చిన కొత్తలో తండ్రీ కొడుకులిద్దరికీ పిచ్చనుకున్నాను. తర్వాత నాకూ వినబడటం మొదలైంది. ఆయన సాయంత్రం వచ్చి గేటు బయట నిలబడి హారన్ కొట్టేవారు కాదు. ఇంజన్ అలా వదిలేసి కూర్చునేవారు. ఉన్నా, ఉన్నా. నేను వెళ్ళి గేటు తీసేదాన్ని.

ఇవాళ అదే మాట మళ్ళీ విన్నాను. చాలాసేపు విన్నాను. లోపల మామయ్య కిటికీ మూసిన చప్పుడైంది.

రోడ్డు మీదకి వెళ్ళడానికి అది మరీ తక్కువ. నాలాంటి కొత్తవాళ్ళకి ఎక్కడికక్కడే ఆగిపోతుంది. అందుకని కొంచెం పెంచి, గోళ్ళరంగుతో స్క్రూ మీద నుంచి బాడీ మీదకి ఎర్రగీత ఒకటి గీశాను. గీత కలిసి ఉంటే నేను పెట్టినట్టే ఉన్నట్టు.

11వ తేదీ, సోమవారం

ల్యాబ్ నుంచి వచ్చి స్టార్ట్ చేశాను. "ఉన్నానా, ఉన్నా" అని ఆగిపోయింది.

ఎర్రగీత కలిసి లేదు. స్క్రూ తిరిగి ఉంది.

12వ తేదీ, మంగళవారం

భయపడాల్సిన పనేమీ లేదు. ఆ స్క్రూ కింద చిన్న స్ప్రింగు ఉంటుంది. అది అరిగిపోతే ఇంజన్ అదురుకి స్క్రూ దానంతటదే తిరుగుతుంది. మామూలే. కొత్త స్ప్రింగు వేశాను. బిగుతుగా ఉంది. ఇక తిరగదు.

నిన్న ఇంజన్ ఆన్ చేయకముందే తిరిగి ఉందా, ఆన్ చేశాక తిరిగిందా? చూసుకోలేదు.

14వ తేదీ, గురువారం

తిరిగింది. ఆన్ చేయకముందే.

15వ తేదీ, శుక్రవారం

పై వాటాలో రేడియో అక్కయ్య ఉంటుంది. ఆ పేరు నేను పెట్టిందే, ఏ వార్తయినా ముందు ఆవిడ నోటి నుంచే వస్తుంది. ఇవాళ మెట్ల దగ్గర పట్టుకుంది.

"బండి బాగానే మోగుతున్నట్టుందే! మధ్యాహ్నం కాసేపు ఇంజన్ చప్పుడు వినబడింది. అచ్చం మీ ఆయన వచ్చి గేటు దగ్గర నిలబడినట్టే ఉందనుకో. గుండె ఝల్లుమంది."

"ఎప్పుడు?"

"నిన్ననే. మొన్న సోమవారం కూడా. నువ్వు ఇంట్లో లేవా?"

నేను లేను. నేను ల్యాబ్‌లో ఉన్నాను.

మామయ్యని అడిగాను. "మధ్యాహ్నం షెడ్డులో ఇంజన్ మోగిందా మామయ్య గారూ?"

పేపరు మీద నుంచి తల ఎత్తలేదు. "నాకేం వినబడలేదే. మధ్యాహ్నం నిద్రపోతాను కదమ్మా" అన్నారు.

తాళంచెవి హాల్లో మేకుకే ఉంది. ఎప్పుడూ ఉండేట్టే ఉంది.

స్క్రూ మళ్ళీ నేను పెట్టుకున్న చోటికి తిప్పాను. ఒళ్ళు గగుర్పొడిచి చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. చేత్తో రుద్దుకుంటే పడుకున్నాయి.

17వ తేదీ, ఆదివారం

ఎప్పుడూ రాయలేదు. రాసేస్తాను.

ఆ రోజు ఆయన పెద్ద చౌరస్తాకి ఇవతల బండి పక్కకి ఆపారు. ఇంజన్ ఆపలేదు. నాలుగు నిమిషాల పనికి ఇంజన్ ఎందుకు ఆపడం అనుకునే రకం. ఆగకుండా నిలబడుతుందని గొప్ప కూడా. రోడ్డు దాటి అవతల కొట్లో టార్చికి బ్యాటరీలు కొన్నారు. తిరిగి వస్తుంటే ఏదో వ్యాను కొట్టేసి పోయింది. జనం పోగయ్యారు. ఆయన అప్పటికే పోయారు. ఇవతల బండి మాత్రం మోగుతూనే ఉందట, కదలకుండా, మెదలకుండా. కానిస్టేబులు వచ్చి, ఈ బండి ఎవరిదని అందర్నీ అడిగి, ఎవరూ చెప్పకపోతే తాళంచెవి తిప్పాడట. ఇదంతా అతనే నాకు చెప్పాడు. చెప్పకుండా ఉంటే బాగుండేది.

బండి మీద గీత కూడా పడలేదు.

ఆయన లేరని అప్పటికి దానికి తెలియదు కదా. అది అంటూనే ఉండి ఉంటుంది.

ఇవాళ మధ్యాహ్నం మామయ్య పడుకున్నాక షెడ్డులో కూర్చున్నాను. ఎవరూ లేరు. అయినా అడిగాను. "మీరేనా?" అని. ఇంకేం అడగాలో తోచలేదు. తర్వాత ఇంట్లో సంగతులు చెప్పాను. మామయ్య కళ్ళజోడు మార్పించానని, నేను చిక్కిపోయానని అందరూ అంటున్నారని, మీ చొక్కాలు ఎవరికీ ఇవ్వలేదని.

వచ్చేటప్పుడు తలుపుకి గొళ్ళెం పెట్టలేదు. ఊరికే. గాలి ఆడుతుందని.

18వ తేదీ, సోమవారం

తిరిగింది!

మీరు తగ్గిస్తారు. నేను పెంచుతాను. బతికుండగా ఫ్యాను దగ్గర ఇదే గొడవ కదా మనకి.

ఇవాళ ల్యాబ్‌లో నవ్వుతూ పనిచేశానట. మేనేజరమ్మ "ఏమిటి విశేషం?" అని అడిగింది. ఏం చెప్పను? మా ఆయన వచ్చి వెళ్తున్నారని చెప్పనా? ఆ మాటంటే నాచేత సూది గుచ్చించుకోవడానికి కూడా మనుషులు దొరకరు.

20వ తేదీ, బుధవారం

మళ్ళీ తగ్గించారు. ఈసారి నేను పెంచలేదు. మీకెలా ఇష్టమో అలాగే ఉండనీ. నా కన్నా మీకే బాగా తెలుసు బండి సంగతి.

రేపు మామయ్య లేవకముందే సందు చివరి దాకా తోసుకెళ్ళి, దాని మీదే ల్యాబ్‌కి వెళ్తాను.

21వ తేదీ, గురువారం

రాత ఎలా వస్తే అలా.

పెద్ద చౌరస్తాలో పచ్చలైటు పడింది. నడి మధ్యకి వచ్చాను. ఒక ఆటో అడ్డం తిరిగింది. ఎక్సలేటర్ వదిలి బ్రేకు వేశాను. కింద నుంచి ఇంజన్ అడిగింది. స్పష్టంగా వినబడింది. "ఉన్నానా?"

ఆగిపోయింది.

వెనకాల లారీ. బ్రేకు చప్పుడు వినగానే కళ్ళు మూసుకున్నాను. బండితో సహా పక్కకి పడ్డాను. కళ్ళు తెరిస్తే లారీ చక్రం నా తలకి జానెడు దూరంలో ఉంది. దాని వేడి చెంపకి తగిలింది. క్లీనర్ దిగి నోటికొచ్చినట్టు తిట్టాడు. బతికున్నాను కాబట్టి తిడుతున్నాడని కాసేపటికి గానీ అర్థం కాలేదు.

మోకాలు చెక్కుకుపోయింది. మామయ్య అడిగితే మెట్ల మీద జారానని చెప్పాను. "చూసుకుని నడవాలమ్మా" అని పసుపు డబ్బా వెతికి ఇచ్చారు. ఆయన చేతిలో డబ్బా గలగలలాడింది.

ఎందుకలా చేశావు? నన్ను కూడా తీసుకుపోదామనుకున్నావా?

నువ్వు అనేశాను. పెళ్ళయ్యాక ఎప్పుడూ అనలేదు.

22వ తేదీ, శుక్రవారం

షెడ్డు వైపు వెళ్ళలేదు.

24వ తేదీ, ఆదివారం

కోపం పోయింది. ఎంతసేపని ఉంటుంది మీ మీద?

ఆలోచించాను. మీరు ఒక్కరే ఉన్నారక్కడ. పిలవాలనిపించి ఉంటుంది. నాకు మాత్రం ఇక్కడ ఎవరున్నారు? మామయ్య ఉన్నారు. ఆయన్ని చూసుకోవడానికి ఆయన కూతురు ఉంది, పిలిస్తే వస్తుంది, తీసుకెళ్తానని ఎప్పటి నుంచో అంటోంది కూడా.

ఊరికే రాస్తున్నాను. ఎవరైనా చూస్తే ఇదేదో అనుకుంటారు. అదేం కాదు.

బండి తుడిచి, వంకరపోయిన అద్దం సరిచేసి, స్క్రూని నేను పెట్టుకున్న ఎర్రగీత దగ్గరికి తిప్పి పెట్టాను. ఇదొక ప్రశ్న అనుకోండి. నిజంగా నన్ను పిలుస్తున్నట్టయితే మళ్ళీ తగ్గించండి. తగ్గిస్తే ఇంకోసారి అలాగే చౌరస్తా దాకా వెళ్ళి చూస్తాను. పెంచను. తగ్గించకపోతే ఒకటో తేదీన పనిలోకి వెళ్తాను.

రాసుకున్నాక గుండె తేలికపడింది. అలా తేలికపడకూడదేమో.

25వ తేదీ, సోమవారం

తగ్గించలేదు. గీత కలిసే ఉంది.

ఎందుకో ఏడుపొచ్చింది.

26వ తేదీ, మంగళవారం

గీత కలిసే ఉంది. మామయ్యకి ఒంట్లో బాగాలేదు, రెండు రోజులుగా మంచం మీదే ఉన్నారు. ఇవాళ సాయంత్రం కాస్త లేచి తిరిగారు.

27వ తేదీ, బుధవారం

జరిగింది జరిగినట్టు రాయాలి.

మామయ్యకి మందు ఇవ్వాలని మధ్యాహ్నమే ల్యాబ్ నుంచి బయల్దేరాను. బస్సు దిగి సందులోకి తిరగ్గానే వినబడింది. ఇంజన్. షెడ్డులో నుంచి. ఉన్నా, ఉన్నా, ఉన్నా.

పరుగెత్తాను. ఒక చెప్పు సందులోనే ఊడిపోయింది. రేడియో అక్కయ్య పైనుంచి ఏదో అడిగింది, వినిపించుకోలేదు. నాకు భయం లేదు. అసలు లేదు. గేటు తీస్తూ జుట్టు సవరించుకున్నాను. ఈ ముక్క రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ సవరించుకున్నాను. ఆయన ఉంటారు. వెనక్కి తిరిగి చూస్తారు. ఆ తర్వాత ఏం జరిగినా ఫర్వాలేదు. రమ్మంటే వెళ్ళిపోవడమే.

తలుపు తోశాను.

పీట మీద మామయ్య.

కుడి చెయ్యి వణుకుతుంటే దాని మణికట్టుని ఎడమ చేత్తో గట్టిగా పట్టుకుని, ముఖం ఇంజన్ దగ్గరగా పెట్టి, స్క్రూ కొంచెం కొంచెంగా తిప్పుతున్నారు. ఇంజన్ "ఉన్నానా, ఉన్నానా" అని అడగడం మొదలుపెట్టింది. ఇంకొంచెం తిప్పారు. ఆగిపోయింది. అప్పుడు తలెత్తి నన్ను చూశారు.

తలుపు వదిలి లోపలికి అడుగు వేశాను.

"ఇన్నాళ్ళూ మీరేనా?"

తల దించుకున్నారు. "ఇది నిలబడకపోతే నువ్వు వెళ్ళవనుకున్నానమ్మా. విసుగొచ్చి వదిలేస్తావనుకున్నాను."

"నేను అడిగితే ఏమీ వినబడలేదన్నారు."

"అన్నాను. ఏం చెప్పను? వద్దంటే ఆగే మనిషివా నువ్వు? వాడు వెళ్ళేటప్పుడు నేను పేపరు చదువుకుంటున్నాను. వెళ్ళొస్తా నాన్నా అన్నాడు. ఊఁ అన్నాను, తలెత్తి కూడా చూడలేదు. ఇప్పుడు రోజూ పొద్దున్నే నువ్వు కూడా అదే బండి మీద..." కండువాతో ముక్కు తుడుచుకున్నారు. "నాకింకెవరున్నారు చెప్పు."

కూతురుందిగా అనబోయాను.

అప్పుడు చెప్పాను. చెప్పకుండా ఉండాల్సిందేమో. "నేను మెట్ల మీద జారలేదు మామయ్య గారూ. చౌరస్తా మధ్యలో బండి ఆగిపోయింది. వెనకాల లారీ వచ్చింది."

ఆయనకి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక ముఖంలో రక్తం లేదు. "ఎంత దూరంలో ఆగింది?" అని అడిగారు. చేతులతో చూపించాను. ఆ రెండు చేతుల మధ్య ఖాళీనే చూస్తూ ఉండిపోయారు. తర్వాత తన కుడి చేతిని తీసి, తనది కానట్టు, పీట మీద పక్కకి పెట్టుకున్నారు.

"తిట్టమ్మా" అన్నారు. "నోరారా తిట్టు. నీకు చేతనవును కదా."

నాకు చేతనవును. వీధిలో నా నోటికి పేరుంది. కానీ ఆయన చేసిన పనికి నాకు కోపం రాలేదు, అదీ నిజం. అక్కడ ఉన్నది మామయ్య అయినందుకు వచ్చింది. నేను అనుకున్న మనిషి కానందుకు వచ్చింది. ముసలాయన ఏడుస్తూ కూర్చుంటే, ఎదురుగా నిలబడి, ఈయన వెనకాల ఇంకెవరైనా ఉన్నారా అని షెడ్డు మూల దాకా చూశాను.

"లోపలికి రండి. మందు వేసుకునే టైమైంది" అన్నాను.

28వ తేదీ, గురువారం

మా ఆయన రాలేదు. ఇన్నాళ్ళలో ఒక్కసారి కూడా రాలేదు.

30వ తేదీ, శనివారం

రెండు రోజులు ఇంట్లో ఎవరి మాట వాళ్ళు దాచుకుని తిరిగాం. ఇవాళ పొద్దున్న మామయ్యే షెడ్డు తలుపు తీసి "రామ్మా" అన్నారు.

"ఒకటో తేదీన వెళ్తున్నావా?"

"వెళ్తున్నాను."

"అయితే నేను చెప్పినట్టు తిప్పు. నా చేతిని నమ్మకు, చెవి మాత్రం ఇంకా పనిచేస్తోంది."

ఇంజన్ బాగా వేడెక్కేదాకా తిరగనిచ్చాం. లైటు వేయమన్నారు. లైటు వేస్తే కొంచెం తగ్గుతుంది, అప్పుడు కూడా నిలబడాలట. ఎక్సలేటర్ ఒక్కసారి గట్టిగా ఇచ్చి వదలమన్నారు. మళ్ళీ వదలమన్నారు. మళ్ళీ. ఆయనకి చాలదు. హ్యాండిల్ ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పమన్నారు, తిప్పినప్పుడు ఇంజన్ వేగం మారితే కేబుల్ పట్టేస్తోందని అర్థమట. పట్టలేదు. నేను ఇదివరకటి ఎర్రగీత దగ్గర ఆపాను.

"ఇంకొంచెం పెంచు."

"ఇంతకన్నా పెంచితే మీరన్న మాట వినబడదు మామయ్య గారూ. వాగుతుంది."

"వాగనీ" అన్నారు. "ఆ మాటతో నీకేం పని? నాకేం పని? ఎక్కడ వదిలినా ఆగకూడదు, అంతే. తిప్పు."

తిప్పాను. ఇప్పుడది ఏమీ అనడం లేదు. వట్టి ఇంజన్ చప్పుడు. వీధిలో పోయే పది బండ్లలో ఒక బండి. ఇద్దరం వింటూ నిలబడ్డాం. ఆయన చెవి దగ్గర చెయ్యి అడ్డం పెట్టుకుని విన్నారు. చివరికి "బాగుంది" అన్నారు. నేనూ బాగుందన్నాను. ఇద్దరం అబద్ధం ఆడలేదు, నిజంగానే బాగుంది.

పాత ఎర్రగీత గోటితో గీకేశాను. కొత్తది గీయలేదు.

1వ తేదీ, సోమవారం

వెళ్ళాను. వచ్చాను.

పొద్దున్నే చలిగా ఉంటే ఆయన కోటు వేసుకున్నాను. భుజాల దగ్గర వదులు. హెల్మెట్ కూడా ఆయనదే. మామయ్య గేటు దగ్గర నిలబడ్డారు. పేపరు తీసుకురాలేదు. సందు మలుపు తిరిగేదాకా అద్దంలో కనబడుతూనే ఉన్నారు.

పెద్ద చౌరస్తాలో ఎర్రలైటు పడింది. కాలు కింద పెట్టి, ఎక్సలేటర్ వదిలి, ఊపిరి బిగబట్టాను. నిలబడింది. పచ్చలైటు పడినా కదల్లేదు నేను. వెనకాలవాడు హారన్ కొడితే అప్పుడు కదిలాను. మొదటి ఇంట్లో ఒక పెద్దావిడ. సూది గుచ్చుతుంటే "నీ చెయ్యి చల్లగా ఉందే" అంది. మిగతావన్నీ మామూలుగానే జరిగాయి.

తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. సందులోకి తిరిగి, గేటు ముందు ఆపాను. మామయ్య హాల్లో కునుకు తీస్తున్నట్టున్నారు. చప్పుడు విని లేచి గబగబా వచ్చారు. గడప దగ్గర చెప్పులు కూడా వేసుకోలేదు. గేటు గొళ్ళెం తీసి తలెత్తి చూశారు.

ఆ ముఖం నేనెప్పుడూ చూడలేదు. నోరు కొంచెం తెరిచి ఉంది. కళ్ళు ఆ కోటు మీద, హెల్మెట్ మీద. అరచెయ్యి గేటు మీద పెట్టి ఉంది. వణకడం లేదు. పెదాలు కదిలాయి. "వచ్చావా" అన్నారు. వచ్చావా అమ్మా అని కాదు.

నేను హెల్మెట్ తీయబోయి, పట్టీ మీద చెయ్యి ఆపేశాను. మాట్లాడలేదు. మాట్లాడితే నా గొంతు. ఇంజన్ ఆపలేదు. ఎక్సలేటర్ మీద చెయ్యి తీసేసి, అలాగే కూర్చున్నాను, ఆయన ఎంతసేపు చూసుకుంటారో చూసుకోనీ అని. ఎండ మా ఇద్దరి మీదా పడుతోంది. పై వాటా కిటికీలో రేడియో అక్కయ్య నిలబడి, నోరు మూసుకుని చూస్తోంది.

కొంతసేపటికి మామయ్య కళ్ళు తుడుచుకున్నారు. గేటు రెండో రెక్క కూడా తీశారు.

"ఇక ఆపమ్మా" అన్నారు. "ఎండగా ఉంది, లోపలికి రా."

ఆపేశాను.